ముఖం కప్పిన ఫ్లెక్సీ

నేనొక ఫ్లెక్సీని. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. ప్రభుత్వ ఖర్చుతో పుట్టాను. పెద్దాసుపత్రిలో కంటి శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారని ఊరికి చెప్పడం నా ఉద్యోగం.

అచ్చయ్యే ముందు నా నమూనా మూడుసార్లు మారింది. మొదట ఎమ్మెల్యే జగ్గారాయుడు గారి ముఖం ఓ మూలన ఉండేది. "మనిషి కనబడ్డం లేదు" అన్నారు ఆయన మనుషులు. రెండోసారి ముఖం సగం దాకా వచ్చింది. మూడోసారి ఆయన చెవులకు చోటు చాలక అక్షరాలను కింది మూలకు నెట్టారు. "ప్రతి శుక్రవారం, నాలుగో నంబరు గది" అన్న మాట ఆయన చొక్కా గుండీ కంటే చిన్నదైపోయింది.

నన్ను ఆసుపత్రి గేటు పక్కన కట్టారు. నా నీడలో అసిరమ్మ ఎండుచేపలు అమ్మేది. ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మింది. నెత్తళ్ళేవో, రొయ్యపప్పేదో చేత్తో తడిమి చెప్పేది. ఆరు నెలలు ఆమె తలమీదే వేలాడాను.

ఇంతలో ఎన్నికలు ప్రకటించారు. తహసీల్దారు లలితకుమారి గారు జీపు దిగి నన్ను ఎగాదిగా చూశారు.

"ప్రజల సొమ్ముతో వేసిన బోర్డు మీద పోటీ చేసే మనిషి బొమ్మ ఉండకూడదు. పథకం ఉండొచ్చు. ముఖం కప్పేయండి."

మునిసిపాలిటీ పనివాడు సింహాద్రి నిచ్చెనెక్కి తెల్లకాగితాలు అంటించాడు. ఒక్క నవ్వుకే ఆరు కాగితాలు పట్టాయి.

ఎమ్మెల్యే అనుచరుడొకడు పరిగెత్తుకొచ్చాడు. "ముఖం కప్పేస్తే ఆ బోర్డులో ఇంకేటుందిరా?"

సింహాద్రి వంగి కింది మూల చూశాడు. పైకే చదివాడు.

అసిరమ్మ చేతిలో తక్కెడ ఆగిపోయింది. "ఏటి బాబూ? మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాడు.

"ఇన్నాళ్ళూ ఈ ముక్క నా నెత్తిమీదే ఉందేటి? నానేటో ఓట్ల బోర్డనుకున్నాను!"

"దీన్ని కట్టింది నానే అత్తా. నానూ సదవలేదు" అన్నాడు సింహాద్రి.

శుక్రవారం ఆమె భయపడి రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. సింహాద్రే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఆ నెల నాలుగో గది ముందు బెంచీలు చాలలేదు.

జగ్గారాయుడు గారు గెలిచారు. నా చోట్లోకి ఆయన కృతజ్ఞతల ఫ్లెక్సీ వచ్చింది. దాంట్లో అక్షరాల బెడదే లేదు. నన్ను విప్పుతుంటే అసిరమ్మ అడిగింది.

"వానకి సేపలు తడిసిపోతన్నాయి, నాకిచ్చీ బాబూ."

ఆమె కాగితాలన్నీ ఊడదీసి, బాగుపడిన కంటితో ఆ ముఖాన్ని కాసేపు చూసింది.

"బాగానే ఉన్నాడు" అంది.

తర్వాత నన్ను సగానికి మడిచి, ఆయన చేపల వైపుకీ, అక్షరాలు రోడ్డు వైపుకీ ఉండేలా గంప మీద కప్పింది.