రెండువందల ఇరవై వాట్లు

చేతులు కట్టుకుని కూర్చోవడం నా ఒంటికి పడదు. ఆ రోజు అదే రాసిపెట్టి ఉంది.

ఒక్కొక్కరినీ విడిగా పంపి సమయం కొలిచే రేసు. ముందు మా అక్క కూతురు సైకిల్ తొక్కుతోంది. వెనకే డ్రైవరు నడుపుతున్న కారులో నేను, నా పక్కన రేసు జడ్జి. దాని కోచ్‌ని నేనే; నేను అద్దం దించినా, హారన్ కొట్టించినా పిల్లను రేసులోంచి తీసేస్తారట. జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. ఏళ్ళ తరబడి ఆ చోటు కోసమే దాని తిప్పలూ, నా తిప్పలూ.

కాళ్ళు ఎంత బలంగా తొక్కుతున్నాయో దాని పెడల్లో ఉన్న మీటరు వాట్లలో కొలిచి దాని హ్యాండిల్ మీదా, నా ఫోనులోనూ చూపిస్తుంది. ఒకప్పుడు ఇది మొదట్లోనే రెచ్చిపోయి సగం దారిలో చతికిలబడేది. ఆ లెక్కలన్నీ ముందేసుకుని ఒక అంకె తేల్చాను: రెండువందల ఇరవై. "దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

ఆ రోజు చివర్లో మిట్ట దారి, పైగా ఎదురుగాలి. ఇలాంటి చోట అంకెను పక్కనపెట్టి ప్రాణంపెట్టి తొక్కాలి. దాని ఛాతీ పట్టీ పంపే గుండె వేగం చూశాను, నిదానంగానే ఉంది. పిల్లలో ఇంకా బోలెడు సత్తువ ఉంది. ఫోనులో మాత్రం రెండువందల ఇరవై.

"తొక్కవే! ఆ అంకె తగలెయ్య, తొక్కు!" అని మూసిన అద్దం మీద బాదాను.

"మీరెంత అరిచినా ఆ పిల్లకి వినబడదమ్మా," అన్నాడు జడ్జి.

"ఆ మాత్రం నాకు తెలీదా? మీరు ఊరుకోండి!"

పాపం, ఊరుకున్నాడు. నాకే ఏడుపొచ్చింది. అంకె కదల్లేదు. నెలల తరబడి నేను కోరుకున్నది అలా తొక్కాలనే.

ముగింపు దగ్గర బోర్డు మీద ఫలితం పడింది. నాలుగంటే నాలుగు సెకన్లు వెనకబడింది. చోటు ఇంకో అమ్మాయికి పోయింది.

పిల్ల బోర్డు వైపు చూడనే లేదు. సైకిల్ దిగి నేరుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆయాసం కూడా లేదు. ఫోను లాక్కుని చూసుకుంది. మొహం వెలిగిపోయింది.

"చూశావా పిన్నీ, ఒక్కసారైనా దాటలేదు! మిట్ట దగ్గర కాళ్ళు ఒకటే గోల, ఇంకా తొక్కుతాం ఇంకా తొక్కుతాం అని. ఊరుకోండర్రా, పిన్ని చంపేస్తుంది అన్నాను. ఇంకో చుట్టు కూడా తొక్కేసేదాన్ని, తెలుసా?"

"తెలుసు," అన్నాను.

"మరి తిట్టట్లేదేంటి? గెలిచేశానా?"

రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాను, బోర్డు దాని వీపు వెనక ఉండేలా.