ఇంటి పన్ను లేని ఊరు

ఆ ఊళ్లో ఇంటి పన్ను కట్టిన మనిషి లేడు. గనిలోంచి బయటికొచ్చే ప్రతి టన్ను బొగ్గు మీదా పురపాలక సంఘానికి వాటా వచ్చేది. వీధి దీపాలు, కుళాయిలు, బడి, ఆసుపత్రి అన్నీ ఆ వాటాతోనే నడిచేవి. పన్నుల గుమస్తా అని ఒకాయన ఉండేవాడు గానీ, పన్నులే లేకపోవడంతో జనన మరణాలు రాసుకుంటూ కాలక్షేపం చేసేవాడు.

అలాంటి ఊరికి టీచరమ్మ అధ్యక్షురాలైంది. జీవితమంతా బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తండ్రి గని కార్మికుడు. అన్న అదే గనిలో షిఫ్టు నడిపే సర్దారు. ఊరంతా ఆయన్ని సర్దారనే పిలిచేది. కుర్చీ ఎక్కిన నెలలోనే ఆమెకు విషయం అర్థమైంది. బొగ్గు ఏటికేడు తగ్గుతోంది. బడ్జెట్టులో మాత్రం పాత ఆదాయమే రాసుకుంటూ వస్తున్నారు. చాలని డబ్బు ప్రభుత్వం నింపేది. వచ్చే ఏడు గని పూర్తిగా మూసేస్తున్నారు. ఖజానా అధికారిని కలిస్తే ఆయన దాపరికం లేకుండా చెప్పేశాడు: ప్రభుత్వానికీ బొగ్గు ఆదాయమే పెద్ద దిక్కు, తామే ఎండిన బావిలో చేద వేసి లాగుతున్నాం, ఇక ఇచ్చేదేమీ లేదు అని.

సభ్యులు కూర్చుని ఏది మూయాలా అని ఆలోచించారు. అందరి వేళ్లూ ఆసుపత్రిలో ఛాతీ వార్డు వైపే తిరిగాయి. అన్నిటికన్నా ఖర్చు దానికే. గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఆక్సిజన్ పెట్టేది అక్కడే. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఇంటి పన్ను వేద్దామంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నట్టు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చే ఎన్నికల్లో మనల్ని గనిలోనే పూడ్చేస్తారని ఒకాయన గొణిగాడు.

ఆమె ముందు గని మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఊళ్లో మూడోవంతు నేల కంపెనీదే. బంగళాలు, వర్క్‌షాపు, అతిథి గృహం, గోదాములు. గని మూసినా అవన్నీ ఉంటాయి. వాటి మీద పన్ను కట్టమని అడిగింది. మేనేజరు నవ్వాడు. “మీ వాళ్లు పైసా కట్టరు గానీ మేం కట్టాలా మేడమ్? ముందు వాళ్లను కట్టమనండి. వాళ్లు కట్టిన మర్నాడే మేమూ కడతాం.”

ఆ మాటే సంఘం సమావేశానికి వచ్చి చెప్పమంది. జరిగేది కాదన్న ధీమాతో ఆయన వచ్చి అందరి ముందూ చెప్పాడు. గుమస్తా మినిట్స్‌లో రాసుకున్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. టీచరమ్మ అన్న ఇంటికి బయల్దేరింది. సర్దారు షిఫ్టుకి వెళ్లబోతూ గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. చెల్లెలి మాట వినగానే ఆయన చెయ్యి ఆగిపోయింది.

“నాన్న పన్ను కట్టలేదని ఎవరన్నారు? రొమ్ములో దుమ్ము నింపుకుని కట్టాడు. నేనూ కడుతూనే ఉన్నా. ఇంకేం కావాలి మీకు?”

అన్న అన్నది అబద్ధం కాదు. తండ్రి ఆఖరి రోజులు గడిచింది ఆ వార్డులోనే. మంచం పక్కన వంతులేసుకుని కూర్చున్నది వీళ్లిద్దరే. అరిచిన శ్రమకి సర్దారుకి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆమె ఆగింది.

“గని మూస్తారన్నయ్యా. నీ దగ్గు మూయలేరు కదా. ఆ వార్డు ఎవరు నడపాలో నువ్వే చెప్పు.”

“కంపెనీ నడపాలి.”

“కంపెనీ చేతా కట్టిస్తాను. ముందు మనం కడితే.” మేనేజరు ఇచ్చిన మాట సంగతి చెప్పింది.

లోపల కుట్టు మిషను చప్పుడు ఆగింది. వదిన తలుపు దగ్గరికొచ్చి, ఆయన వల్ల కాకపోతే తన కుట్టు డబ్బుల్లోంచి తనే కడతానని తాపీగా అంది. సర్దారు లేసులు బిగించుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం గని క్యాంటీను హాల్లో సభ పెట్టారు. కూర్చునే చోటు లేక జనం కిటికీలెక్కారు. టీచరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది: ఏడాదికి ఎంత వస్తుంది, ఎంత రాదు, ఏది నిలబడుతుంది, ఏది పోతుంది. ఆమె పూర్తిచేయగానే సర్దారు లేచాడు. అన్నాచెల్లెళ్లు ఢీకొంటారనుకున్నారు అందరూ.

“ఇన్నాళ్లూ మనం ఊరికే బతికామనుకోకండి,” అన్నాడాయన. “దుమ్ముతో కట్టాం. అది చాలు. ఇక డబ్బుతో కడదాం. మన డబ్బుతో నడిచే వార్డుని ఎవడు మూస్తాడో చూద్దాం. కానీ టీచరమ్మా, ఊపిరితిత్తులు పోయినవాడి దగ్గర పైసా తీసుకోవద్దు. వాడు కట్టాల్సింది కట్టేశాడు.”

అది ఆమెకు తట్టని సంగతి. అప్పటికప్పుడు తీర్మానంలో చేర్పించింది. చేతులెత్తమంటే, కిటికీల్లో ఉన్నవాళ్లు ఒక చేత్తో చువ్వలు పట్టుకుని రెండో చెయ్యి ఎత్తారు.

పన్నుల గుమస్తా ఉద్యోగంలో చేరాక మొదటిసారి పన్ను రసీదు రాశాడు. అలవాటు లేక మొదటిది పాడు చేశాడు కూడా. జనం కట్టారు. గొణుక్కుంటూ కొందరు, వాయిదాల్లో కొందరు. మేనేజరు పైవాళ్లను అడగాలంటూ కొన్నాళ్లు నసిగాడు గానీ, అందరి ముందూ అన్న మాట మింగలేకపోయాడు. కంపెనీ చెక్కు వచ్చిన వారం వార్డులోకి కొత్త నర్సు చేరింది.

గని మూసిన ఏడాది బడ్జెట్టు చిన్నదే. బొగ్గు అన్న పద్దు లేకుండా ఆ ఊరు రాసుకున్న మొదటి బడ్జెట్టు అది. వీధి దీపాలు సగమే వెలిగించారు, అధ్యక్షురాలి కారు అమ్మేశారు. బడీ ఆసుపత్రీ నడిచాయి.

ఎవరూ ఊహించనిది ఇంకోటి జరిగింది. అంతవరకూ పురపాలక ఆఫీసు గడప తొక్కనివాళ్లంతా రావడం మొదలుపెట్టారు. కుళాయి కారుతోందని ఒకరు, బడి కప్పు సంగతేమిటని ఒకరు, అమ్మిన కారు డబ్బేదని ఒకరు. పన్ను కడుతున్నాం కదా అన్నది అందరి నోటా ఒకటే మాట. ఇదేం తలనొప్పి అని సభ్యులు తలలు పట్టుకున్నారు. ఇన్నాళ్లూ ఈ తలనొప్పి లేకే పరిస్థితి ఇంత దూరం వచ్చిందని టీచరమ్మ అంది.

ఒకరోజు సర్దారు కూడా వచ్చాడు. రిటైరయ్యాక గడ్డం పెంచాడు. తిన్నగా చెల్లెలి గదిలోకి వచ్చేసి, తమ వీధి మురుగు కాలువ పూడిపోయిందని మొదలుపెట్టాడు.

“బయట వరస ఉందన్నయ్యా,” అంది ఆమె తల ఎత్తకుండానే.

ఆయన నవ్వాపుకుంటూ వెళ్లి వరసలో నిలబడ్డాడు. అక్కడ తన ముందున్నాయనతో కాలువల గురించి గట్టిగా వాదిస్తుంటే ఆ గొంతు లోపలికి వినిపిస్తూనే ఉంది.