లచ్చయ్య ఏరుకున్న గొంతు

దేవరకొండ బస్సుస్టాండు ఎదురుగా సైదులుకు చిన్న రేడియో దుకాణం ఉండేది. రేడియోలు బాగు చేయడం, పెళ్లిళ్లకూ జాతర్లకూ మైకుసెట్టు కిరాయికి ఇవ్వడం అతని పని. పొద్దంతా వంగి కూర్చునేసరికి నడుము పట్టేసేది. నలభై దాటకముందే గోడ పట్టుకుని లేచే అలవాటైంది. పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో ఆ దుకాణంలో అతనికి ఎక్కువ విసుగు పుట్టించిన మనిషి, అతనికి అందరికంటే ఇష్టమైన మనిషి కూడా, లచ్చయ్యే.

లచ్చయ్య గొర్ల కాపరులైన కురుమలు తమ దేవుడికి చేసే కొలుపుల్లో కథ చెప్పేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్లో కొలుపు జరిగినా కథ అతనిది, మైకు సైదులుది. కథలో మంద తప్పిపోయే ఘట్టం ఒకటుంది. కాపరి గుట్టెక్కి తన గొర్లను పిలుస్తాడు. లచ్చయ్య నోట ఆ పిలుపు పొట్టలోంచి బొంగురుగా లేచి, ఎక్కడా తెగకుండా, ఎక్కడా మెట్టు తగలకుండా పైకి పోయి పోయి, సన్నటి దారంలా గాలిలో నిలిచేది. ఆ ఒక్క పిలుపు కోసమే జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

అంతకు ముందటేడు అతని గొంతులో గడ్డ లేచింది. పట్నం దవాఖానలో కోసి తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. చెవి దగ్గర పెట్టి వింటే తప్ప వినపడని గుసగుస ఒక్కటే మిగిలింది. కథ చెప్పే పని తమ్ముడు పర్వతాలు ఎత్తుకున్నాడు. లచ్చయ్య పక్కన కూర్చుని తాళం వేసేవాడు. పిలుపు ఘట్టం రాగానే తాళం కింద పెట్టి తల వంచుకునేవాడు.

ఒకరోజు సైదులు ఎవరిదో రేడియో విప్పి చూస్తుంటే అది స్టేషనుకీ స్టేషనుకీ నడుమ కూయ్యిమని అరిచింది. ముల్లు తిప్పిన కొద్దీ అరుపు కిందికి దిగింది, పైకి లేచింది. బల్ల అవతల కూర్చున్న లచ్చయ్య చటుక్కున సైదులు చెయ్యి పట్టుకున్నాడు.

"మల్ల తిప్పు," అని గుసగుసగా అన్నాడు.

"లచ్చన్నా, గది దాని రోగం. రోగం కుదుర్చమనే నాకిచ్చిండ్రు."

"జర తిప్పరాదు. గొంతు లెక్కనే ఉన్నది."

అప్పటినుంచి ఆ కూతతోనే కొలుపులో పిలుపు వినిపిస్తానని పట్టిన పట్టు విడవలేదు. రేడియో పెట్టుకుని కొలుపుకు పోతే కూతతో పాటు వార్తలు కూడా వస్తాయని సైదులు ఎంత చెప్పినా వినలేదు. చివరికి సైదులుకే ఓపిక పోయింది. సికింద్రాబాదులో యోహాను అనే ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు బ్యాండులో వాయించి, ఇప్పుడు పాత వాయిద్యాలు అమ్ముకుంటున్నాడు. కరెంటుతో మోగేవి అతని దగ్గర ఉన్నాయని విని, ఇద్దరూ కలిసి ఒకటి కొనుక్కుందామని తెల్లారి బస్సెక్కారు.

దారంతా దుమ్ము. మాల్ అనే ఊరి దగ్గర బస్సు టైరు పోయింది. సైదులు తుమ్మచెట్టు నీడన చతికిలబడి, ఈ తిప్పలు తనకెందుకని తనను తానే తిట్టుకున్నాడు. లచ్చయ్య మాత్రం పెండ్లిచూపులకు పోతున్నవాడిలా తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు.

యోహాను దుకాణం ఇరుకు. ముందుగా ఒక చిన్న మెట్ల పెట్టె తీశాడు. హార్మోనియంలా నల్లమెట్లూ తెల్లమెట్లూ ఉన్నాయి కానీ తిత్తి లేదు. ఒక మీట నొక్కితే సన్నాయిలా, ఇంకోటి నొక్కితే ఫిడేలులా పలికింది. పాత సినిమా పాట ఒకటి వాయించి వినిపించాడు. సైదులు ప్రాణం లేచి వచ్చింది. దీన్ని మైకుసెట్టుతో పాటు పెళ్లిళ్లకు తీసుకుపోవచ్చు. నడుం వంచి రేడియోలు విప్పే బాధ కొంత తగ్గుతుంది.

"ఇదే తీసుకుందమన్నా," అన్నాడు.

లచ్చయ్య ఒక మెట్టు నొక్కాడు. పక్క మెట్టు నొక్కాడు. రెండింటి నడుమ సందులో వేలు పెట్టి యోహాను వైపు చూశాడు.

"అక్కడేం లేదయ్యా," అన్నాడు యోహాను.

"నా పిలుపు గక్కడనే ఉంటది," అని గుసగుసలాడాడు లచ్చయ్య. యోహానుకు వినపడలేదు. సైదులే పైకి చెప్పాల్సి వచ్చింది.

యోహాను నవ్వలేదు. లోపలికి పోయి ఇంకో పెట్టె తెచ్చాడు. దాని మీద ఒక ఇనుప కడ్డీ. ముట్టుకోకుండా దగ్గర చెయ్యి ఆడిస్తే కూత పైకీ కిందికీ పోయింది. లచ్చయ్య మొహం వెలిగింది. కానీ సైదులు ఒక అడుగు ముందుకేస్తే కూత మారింది, యోహాను దగ్గితే మారింది. కొలుపులో పిల్లలూ మేకలూ చుట్టూ తిరుగుతుంటే ఇది ఎవరి మాట వింటుంది? లచ్చయ్య తానే తల అడ్డంగా ఊపి చెయ్యి తీసేశాడు.

తలుపు పక్కన దుమ్ముపట్టిన ఒక ఇనుప డబ్బా ఉంది. ముందు పెద్ద చక్రం, పక్కన చిన్న మీట. లచ్చయ్య అదేమిటని సైగ చేశాడు.

"అది వాయిద్యం కాదు. రేడియోలు పరీక్ష చేసేటోళ్లు వాడేది. ఒక్కటే కూత. చక్రం తిప్పితే శ్రుతి హెచ్చుతగ్గులు, మీట తిప్పితే పెద్దగా, చిన్నగా."

కరెంటుకు తగిలించి పెట్టాడు. లచ్చయ్య చక్రం మీద అరచెయ్యి ఆనించి మెల్లగా తిప్పాడు. కూత ఎద్దు మూలుగులా అట్టడుగు నుంచి లేచి, ఎక్కడా తెగకుండా సాగి, చెవులు గింగురుమనేదాకా పోయింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీనితోని పాట రాదన్నా!" సైదులు గొంతు పెంచాడు. "పెండ్లిల ఎవరు పెట్టనిస్తరు? ఎన్నటికీ కొలుపులేనా మనకు? నేను అలిసిపోయిన, లచ్చన్నా."

 లచ్చయ్య చక్రం మీది చెయ్యి తీసి, మెట్ల పెట్టె మీద పెట్టాడు. నీ ఇష్టం అన్నట్టు.

సైదులుకు అదే భరించడం కష్టమైంది. వాదిస్తే గెలిచేవాడు. ఇలా ఒప్పుకుంటే ఏం చేయగలడు? "కట్టియ్యి, యోహానన్నా. గా డబ్బానే," అన్నాడు. తిరుగు బస్సులో డబ్బాను ఒళ్లో పెట్టుకుని, బరువుకు కాళ్లు తిమ్మిరెక్కినా కిందికి దించలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం లచ్చయ్య దుకాణానికి వచ్చి డబ్బా ముందు కూర్చునేవాడు. కుడిచేత చక్రం, ఎడమచేత మీట. మొదట్లో ఎవరూ వినలేకపోయేవాళ్లు. పక్కన హోటలువాడు వచ్చి చేతులు జోడించాడు. నెమ్మదిగా ఎడమచెయ్యి ఊపిరి పట్టడం, విడవడం నేర్చుకుంది. ఒకనాడు సైదులు తీగలు అతుకుతూ, లచ్చయ్య గొంతు వినపడినట్టై తల ఎత్తి చూశాడు.

ఆ ఏడు వానలు లేక కాలం కాలేదు. మేత లేక మందలు సగం పోయాయి. అలాంటి రోజుల్లోనే పక్క ఊళ్లో కొలుపు పెట్టారు. ఆ ఊరికి కొత్తగా కరెంటు రావడంతో డబ్బాను తీసుకుపోయారు. డబ్బాను చూసి జనం నవ్వారు. పర్వతాలు కథ ఎత్తుకుని, మంద తప్పిన ఘట్టం దగ్గర ఆగాడు. లచ్చయ్య చక్రం తిప్పాడు.

మొదటి పిలుపుకు పిల్లలు కిలకిలమన్నారు. రెండో పిలుపుకు నవ్వు ఆగింది. మూడోది పైకి పోయి సన్నబడి నిలిచినప్పుడు, ముందు వరసలో బక్కమ్మ అనే ముసలమ్మ లేచి నిలబడింది. ఆ కరువులో ఆమె మంద మొత్తం పోయింది.

"ఆపుండ్రి! నా జీవాలు ఇనిపిస్తున్నయి, ఆపుండ్రి," అని నెత్తి కొట్టుకుంటూ ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్లు కూడా ఏడుపు అందుకున్నారు. కథ ముందుకు సాగలేదు.

కులపెద్ద వచ్చి లచ్చయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు వట్టకు, లచ్చయ్యా. కథల ఏడిస్తే మనసు తేలికైతది. గిది ఇంకా బరువు చేస్తాంది. మల్ల తేకు."

పర్వతాలు కూడా అన్న వైపు మాట్లాడలేదు. సైదులు కోపంతో తీగలు గుంజి చుట్టాడు. ఇంత తిరిగి, ఇంత మోసి, ఇందుకా! లచ్చయ్య మాత్రం బక్కమ్మ దగ్గరికి పోయి, ఆమె ఏడుపు తగ్గేదాకా పక్కన కూర్చున్నాడు.

డబ్బా మళ్లీ కొలుపులకు పోలేదు. దుకాణంలోనే ఉండిపోయింది, లచ్చయ్యతో పాటు. ఇప్పుడతను పిలుపు వాయించడం మానేశాడు. బావి గిలక కిర్రుమనడం, ఎండిన జొన్నసొప్పలో గాలి, ఎవరూ పేరు పెట్టని ఏవేవో చప్పుళ్లు తీసేవాడు. ఒక్క కూత చాలడం లేదని సైగ చేస్తే, సైదులు గొణుక్కుంటూనే పాత రేడియో భాగాలతో ఇంకో డబ్బా కట్టి ఇచ్చాడు. రెండు కూతలు దగ్గరదగ్గరగా వస్తే వాటి నడుమ గుండె కొట్టుకున్నట్టుండే వణుకు ఒకటి పుట్టేది. దాన్ని వింటూ లచ్చయ్య గంటలు గడిపేవాడు.

ఒక మధ్యాహ్నం అతని భార్య అమృతమ్మ సద్ది తీసుకుని వచ్చి గడప మీద కూర్చుంది.

"వదినె, నీకు పిచ్చి లేస్తలేదా గీ మోతకు?" అని అడిగాడు సైదులు.

"నా ఇల్లు గీ సందు ఎనకనే గద తమ్మీ," అంది ఆమె. "అంతకుముందు ఎంత పిలిసినా పలికెటోడు కాదు, గొంతు లేకపాయె. ఎక్కడ పడ్డడో ఏమోనని గుండె కొట్టుకునేది. ఇప్పుడు గిది మోగుతుంటె ఉన్నడనుకుంట, నా పని నేను చేసుకుంట."

 సైదులు నడుము మీద చెయ్యి వేసి లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. లచ్చయ్య చెయ్యి కడుక్కోవడానికి చక్రం వదిలాడు. ముగ్గురూ ఆ సద్ది తిన్నారు. బయట ఎండ ఇంకా మండుతూనే ఉంది.