తడవని చోటు

మబ్బు పట్టిందంటే పాంగ్‌ఖోన్ ఊళ్లో ఆడవాళ్లు చేటలు పట్టుకుని పరుగెత్తేది ఇంట్లోకి కాదు, నిచ్చెన పక్కకి. ఆ ఊళ్లో బిడ్డ పుడితే, బిడ్డతో పాటు పడిన మావిని వెదురు గొట్టంలో పెట్టి ఇంటి నిచ్చెన పక్కన పాతిపెడతారు. ఆ బిడ్డ బతికున్నంత కాలం అక్కడ చేటంత మేర వాన పడదు. పులిసిన సోయా గింజలు రుబ్బి, అప్పడాల్లా తట్టి ఎండబెట్టుకునే ఊరు కాబట్టి ఆ పొడి చోట్లు బాగా అక్కరకొచ్చేవి. ఎనిమిది మంది పిల్లలున్న ఇంట్లో ఎనిమిది చేటలు క్షేమం. ఒక్కగానొక్క కొడుకుంటే ఒక్కటే చేట, మిగతావి వాన పాలు. బాంకాక్‌కి కూలికెళ్లినవాడి చోటు తడిసిందంటే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఫోను రెండ్రోజులాగి వచ్చేది.

సెంగ్ అప్పడాలు మాత్రం ఏటా తడిసేవి. ఆమె చోటు ఏటి అవతల, బర్మా గడ్డ మీద ఉంది. కూతురు పట్నం ఆసుపత్రిలో పుట్టింది, దాని మావి అక్కడే పోయింది.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆమె పుట్టినప్పుడు అది ఇవతలి గడ్డే. తాతల కాలంలో టేకు దుంగల కోసం వచ్చిన తెల్లదొరలూ, బాంకాక్ దొరలూ కలిసి కూర్చుని ఏరే సరిహద్దు అని రాసుకున్నారు. ఏటికి చదువు రాదు. సెంగ్‌కి ఏడేళ్లప్పుడు వచ్చిన వరదలో అది మెలిక తెంచుకుని తూర్పుకి దూకింది. తెల్లారేసరికి వాళ్ల ఇల్లూ, నువ్వుచేనూ, ఆమె మావీ పరాయి దేశంలో ఉన్నాయి. తల్లి ఆమెని భుజాల మీద కూర్చోబెట్టుకుని పీకల్లోతు నీళ్లలో ఇవతలికి వచ్చింది. వచ్చి, ఏ కాగితమూ లేకుండానే బతికి, అలాగే పోయింది.

సెంగ్‌కి ఈ దేశపు పౌరురాలని చూపే కార్డు లేదు. తల్లికి లేకపోతే కూతురికీ లేదు. ఆ కూతురు హోంగ్‌కి చియాంగ్ మాయ్ నర్సింగు బడిలో సీటొచ్చింది. నెలాఖరులోగా కార్డు చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సెంగ్ ఇక్కడే పుట్టిందని ఊరి పెద్ద సాక్షి సంతకం పెడితే పనైపోతుంది. ఊరి పెద్ద ఖమ్లెంగ్ మూడేళ్లుగా పెట్టడం లేదు.

ఆ సోమవారం కూడా ఆమె ఊరి సమావేశంలో నిలబడి అడిగింది. ఖమ్లెంగ్ మీగడ తిన్న పిల్లిలా నవ్వాడు.

"నీ చోటు ఎక్కడుందో ఊరంతా చూస్తూనే ఉంది కదా. వెళ్లి అక్కడి సిపాయిల్ని అడుక్కో, కార్డు వాళ్లే ఇస్తారు."

ఊరు కూడా నవ్వింది. నవ్వినవాళ్లలో రోజూ ఆమె అప్పడాలు నంజుకు తినేవాళ్లే ఎక్కువ. సెంగ్ పళ్లు బిగబట్టి బయటికొచ్చింది. అప్పుడే వాన మొదలైంది. ఎదురుగా ఖమ్లెంగ్ పెళ్లాం చేటలన్నీ దొంతర పెట్టుకుని ఆదరాబాదరా ఇంట్లోకి మోసుకుపోతోంది.

సెంగ్ ఆగిపోయింది. పిల్లలు లేకపోయినా, మొగుడి చోటు పెరట్లోనే ఉండగా ఈవిడ చేటలు ఇంట్లోకి ఎందుకు మోస్తోంది?

ఇంటికొచ్చాక కూడా ఆమెకి అదే ఆలోచన. ఖమ్లెంగ్ చిన్నప్పుడే వాళ్లవాళ్లు ఎక్కడో పట్నానికి పోయారు. ఇరవై ఏళ్లవాడిగా ఒక్కడే తిరిగొచ్చాడు. వచ్చిన వారంలోనే, ఏళ్లుగా పొదలు కమ్మి ఉన్న పాత ఇల్లు కూల్చి, సరిగ్గా పాత నిచ్చెన ఉన్నచోట పందుల దొడ్డి కట్టి రేకులు కప్పాడు. తన మావి మీద పందుల్ని కట్టేసినవాణ్ని ఆ ఊళ్లో అంతకు ముందు ఎవరూ చూడలేదు. పట్నం బుద్ధులని అప్పట్లో అందరూ సరిపెట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం కుండపోత. సెంగ్ గునపం తీసుకెళ్లి దొడ్డి మీది రేకు లేపింది. పందులు గోల పెట్టాయి. వాన తిన్నగా పాత నిచ్చెన మొదలు పక్కన పడింది. నేల ముందు నల్లబడింది, తర్వాత మెత్తబడింది, ఆ తర్వాత అన్ని నేలల్లాగే బురదైంది. కేకలు విని ఖమ్లెంగ్ మచ్చుకత్తితో పరుగెత్తుకొచ్చాడు. ఆయన కూడా ఆ బురద చూసేదాకా ఆమె కదల్లేదు.

"పెదనాన్నా, ఖమ్లెంగ్ ఎప్పుడో చచ్చిపోయాడు. నువ్వెవరివి?"

ఆయన మచ్చుకత్తి పైకి లేచింది.

"నోరెత్తావంటే ఇక్కడే పాతిపెడతాను."

"పాతిపెట్టు. ఏటి అవతల నా చోటు తడుస్తుంది. ఊరంతా చూస్తుంది."

కత్తి మెల్లగా కిందికి దిగింది. ఆయన దొడ్డి గోడకి ఆనుకుని, ఆమె అడక్కుండానే చెప్పుకొచ్చాడు. కొండల అవతల వాళ్ల ఊరిని సిపాయిలు తగలబెట్టారట. పంతొమ్మిదేళ్లకి పారిపోయి వచ్చి పట్నంలో ఒక ముసలామె కాళ్లు పట్టుకున్నాడట. జ్వరంతో పోయిన ఆమె కొడుకు పేరూ, కాగితాలూ వెంట తోలుకొచ్చిన రెండు ఎద్దులిచ్చి తీసుకున్నాడట. తన మావి ఎక్కడ పాతారో చెప్పేవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదట.

సెంగ్‌కి జాలి కలగలేదు. ఒళ్లు మండింది.

"కాగితం లేని బాధ నీకు తెలుసు. తెలిసి కూడా మూడేళ్లు నన్ను కుక్కలా తిప్పించుకున్నావు. ఎందుకు?"

ఆయన ఏటివైపు చెయ్యి చూపించాడు.

"వానొచ్చినప్పుడల్లా నీ చోటు ఇక్కడికి తెల్లగా కనబడుతుంది. పరాయి గడ్డ మీదైనా నీకు అదొకటుంది. అది చూస్తే నాకు కళ్లు మండుతాయి."

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన అడగలేదు. చెప్పనని ఆమె మాట ఇవ్వనూ లేదు. ఎత్తిన రేకుని అలాగే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున సెంగ్ కూతురితో కార్డులిచ్చే ఆఫీసుకి వెళ్లింది. తలుపులు తీసేసరికే ఖమ్లెంగ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఈమె ఇక్కడే పుట్టిందని మీకెలా తెలుసని గుమాస్తా అడిగాడు. ఏరు ఒకప్పుడు ఎక్కడ పారిందో, ఏ ఏడాది దూకిందో, ఆ తడవని చోటు పాత ఏటికి ఎన్ని అడుగులు ఇవతల ఉందో ఖమ్లెంగ్ పూసగుచ్చినట్టు చెప్పాడు. మూడేళ్లుగా ఆయనకి ఇదంతా తెలుసన్నమాట. సెంగ్ పిడికిలి బిగించుకుని వింది. ఆయన సంతకం పెట్టాడు, ఆమె పది వేళ్ల ముద్రలూ వేసింది. ఫొటో తీసేటప్పుడు నవ్వొద్దన్నారు. ఆమెకి నవ్వాలనీ లేదు.

బయటికొచ్చేసరికి వాన దంచికొడుతోంది. ఖమ్లెంగ్ గొడుగు తెచ్చుకోలేదు. సెంగ్ గొడుగు పెద్దది, ముగ్గురు పడతారు. హోంగ్ తల్లి మొహంలోకి చూసింది. సెంగ్ గొడుగు విప్పి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ రోడ్డెక్కారు. ఆయన వెనకాలే తడుస్తూ నడిచాడు.