దిబ్బ మీద ఐదు రాళ్లు

చప్... చప్...

గుండ్రటి పుట్టి అడుగున మంజీర నీళ్లు తడుతున్నాయి. తడి మట్టి వాసన, తుంగ వాసన. పుట్టి నడిపే నారమ్మ తెడ్డు వేస్తోంది. ఒక్కో వేటుకు పుట్టి కాస్త తిరిగి, మళ్లీ దారిన పడుతోంది.

ఈ అంచున నవత. ఆ అంచున శిల్ప. ఒక్కింటి కోడళ్లు. నడుమ అంబలి కుండ, దుప్పట్లు, రెండు గంపలు.

రెండు గంపలు! దసరా దాకా ఒకటే ఉండేది.

నీళ్ల కింద వాళ్ల పొలం ఉంది. ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగింది. దిబ్బ ఒక్కటే మిగిలింది — నాలుగు తుమ్మచెట్లు, ఇంత గడ్డి. అయినా ఎల్లమావాస్య పండుగకు ముందురోజే వచ్చి అక్కడ పడుకోవడం, తెల్లారగానే నేలకు అంబలి చల్లడం మామ పెట్టిన పద్ధతి. మామ పోయినా పద్ధతి పోలేదు. ఈసారి అన్నదమ్ములిద్దరికీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. కోడళ్లే బయలుదేరారు.

"రేపు పొద్దెక్కినంక వస్త. జర పైలం," అని వాళ్లను దిబ్బ మీద దింపి నారమ్మ వెళ్లిపోయింది.

ఇక ఇద్దరే. చుట్టూ నీళ్లే.

మాట లేదు.

మాట ఎలా ఉంటుంది? నవత అన్నది చిన్న మాటా? మునగకుండా మిగిలిన చిరాగ్‌పల్లి చెలకలో వరసగా రెండో ఏడూ అల్లమే పెట్టారు. పెట్టిన నేలలోనే మళ్లీ పెడితే గడ్డ కుళ్లుతుందని అందరికీ తెలుసు. నిరుటి ధర చూసి అందరికీ ఆశ పుట్టింది... నవతకు కూడా. గడ్డ కుళ్లింది. ఆ రోజు చుట్టాల ముందు నవత నోరు జారింది —

"ఈమె కాలు పెట్టినంకనే గిట్లయింది."

శిల్ప కొత్త కోడలు. మర్నాడు వేరే పొయ్యి పెట్టుకుంది.

అప్పటి నుంచి నవతకు ముద్ద దిగడం లేదు. "అక్కా" అని ఇల్లంతా మోగేలా పిలిచిన గొంతు గోడ అవతలే ఉంది. పిలవదు. ఆ ఒక్క పిలుపు కావాలి. ఇంకేమీ వద్దు.

పొద్దు వాలుతోంది. పొయ్యికి రాళ్లు వెతికారు. నవతకు మూడు దొరికాయి. శిల్పకు రెండే. దిబ్బంతా తిరిగినా ఇంకొకటి లేదు.

శిల్ప తన రెండు రాళ్లూ తెచ్చి నవత పొయ్యి పక్కనే పెట్టింది.

నడిమి రాయి ఇద్దరిదీ.

రెండు మంటలు. ఎవరి రొట్టె వాళ్లు కాల్చుకున్నారు. ఎవరి బజ్జికూర వాళ్లు తిన్నారు. చలికి మాత్రం ఇద్దరూ ఆ రాయి దగ్గరికే జరిగారు. నవతకు మాట నోటిదాకా వచ్చింది... మింగేసింది. దిక్కుమాలిన నోరు! అనకూడనిది అనడానికి ఎంత తొందర, అనాల్సింది అనడానికి ఎంత బద్ధకం!

తెల్లవారింది. నీళ్ల మీద మంచు.

అంబలి చల్లుతూ ముందు నడిచేది ఇంటికి పెద్ద. ఆ మనిషి "ఒలిగ్యో" అని కేక పెట్టాలి. వెనక నడిచేవాళ్లు "పొలిగ్యో" అని బదులివ్వాలి. ముందు పడ్డ కాలును బట్టే ఆ ఏటి పంట అని మామ నమ్మకం.

నవత కుండ ఎత్తుకుంది. నాలుగడుగులు వేసింది... ఆగింది. వెనక్కి వచ్చి కుండను శిల్ప చేతుల్లో పెట్టింది.

"నువ్వు ముందు నడువ్."

"నేనా? పెద్దదానివి నువ్వుండంగ?"

"నీ కాలే ముందు పడాలె, చెల్లె. ఆ దినం నేనన్నది తప్పు. గడ్డ మన ఆశకు కుళ్లింది. నీ కాలుకు కాదు."

శిల్ప అక్కా అని పిలవలేదు. కుండను గుండెకు ఆనించుకుని నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. నవతకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అప్పుడు శిల్ప చెప్పులు విడిచింది. తడి మట్టిలో పాదం మోపింది.

ఆ అడుగు వెనకే నవత తన అడుగు వేసింది. "పొలిగ్యో" అనే బదులు గొంతులోనే ఉంది. ముందు శిల్ప కేక రావాలి...

శిల్ప ఊపిరి తీసుకుంది.

చప్... చప్... ఒడ్డును నీళ్లు తడుతున్నాయి.