మేలుకొని అన్న మాట

పెరట్లో బోకులు తోముతుంటే మా అత్త చౌడమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

"రాత్రి మళ్ళా అన్నావు," అంది.

"ఏమన్నానత్తా?"

"ఏమన్నావో నీకు తెలీదా? నంగనాచి! మూడు రాత్రుల్నుంచి వీధి వీధంతా ఇంటాంటే నీకొక్కదానికే ఇనపల్లేదా?"

నాకు నిజంగానే తెలియదు. నిద్రలో మాట్లాడే మనిషికి తన మాట వినపడదు. ఆ సంగతి చెబితే ఎదురు చెప్పానని ఇంకో అరగంట తిడుతుంది. అందుకని సంగటి కుండ అడుగు గీకుతూ ఉండిపోయాను. మూడు రోజుల నుంచి మా ఆయన రామలింగప్ప నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నాడు, నీళ్ళిస్తే తాగుతున్నాడు, నా ముఖం మాత్రం చూడటం లేదు. నేను చేసిన తప్పేమిటో నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి మంచినీళ్ళ బావి దగ్గర పక్కింటి సుబ్బక్క చెప్పింది. ఎండాకాలం కదా, కోడుమూరులో మా మగ్గాల వీధి మొత్తం రాత్రిళ్ళు ఇంటి ముందర మంచాలు, చాపలు వేసుకొని పడుకుంటుంది. ఒకరు దగ్గితే పదిమందికి మెలకువ వస్తుంది.

"'అది నేను నేసినా. ఇడువు, నా చీర ఇడువు' అంటాంటివి పాపా. శానా గట్టిగా. మా మామ గూడా లేచి కూర్చున్యాడు."

చేద సగం బావిలో ఉండగానే తాడు పట్టుకొని నిలబడిపోయాను. ఆ మాట పగటిపూట నేను ఎవరితోనూ అనలేదు. మా అమ్మతో కూడా అనలేదు.

చలికాలంలో మా ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. నలభై రోజులు మంచం దిగలేదు. కర్నూలులో జరిగే చేనేత ప్రదర్శనకు చీర ఇస్తామని అప్పటికే నేతగాళ్ళ సంఘానికి ఒప్పుకొని ఉన్నాడు. పడుగు మగ్గం మీదే ఉంది. మా ఇంట్లో ఆడవాళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టకూడదు. నూలు ఆరబెట్టొచ్చు, గంజి పట్టించొచ్చు, రాట్నం ముందర నడుములు విరిగేదాకా కండెలు చుట్టొచ్చు, మగ్గం మీద మాత్రం కూర్చోకూడదు. ఎమ్మిగనూరులో మా నాయన నాకు పదేళ్ళప్పుడే నేత నేర్పాడని వాళ్ళకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అది ఎగతాళికి పనికొచ్చింది. ఆ నలభై రోజుల్లో అవసరానికి పనికొచ్చింది. అత్తే నన్ను గుంతలోకి దింపింది. తలుపులు వేసి, వాకిట్లో తాను కూర్చొని, ఎవరొచ్చినా "మావాడు రోంత కోలుకున్యాడు, నేస్తాండాడు" అని చెప్పింది. పసుపుపచ్చ చీర, నేరేడుపండు రంగు అంచు. ఆ అంచులో జొన్నకంకి నేశాను. అంతకుముందు ఎవరూ వేసింది కాదు, ఎవరూ చూపించిందీ కాదు. ఏ పోగు ఎత్తాలి, ఏ పోగు వదలాలి అని వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఆయన మంచం కింద కక్కు ఎత్తుతూ లెక్క కట్టుకున్నాను. నా ఒంట్లో అంత సంతోషం దాగి ఉందని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

చీరకు మొదటి బహుమానం వచ్చింది. ఆయన ఎవరిదో కోటు తొడుక్కొని కర్నూలు పోయి వెండి కప్పు తెచ్చుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ నేను చెంబులతో నీళ్ళు ఇచ్చాను. "ఈ కంకి నీకెట్ల తోచిందప్పా?" అని ఎవరో అడిగితే, ఆయన రెప్ప కొట్టకుండా చెప్పాడు: "కలలో కనిపిచ్చినాది. తెల్లారుజామున. అమ్మవారే చూపిచ్చినట్లుండాది." వాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. నేను చెంబు పట్టుకొని వాళ్ళ మధ్యనే ఉన్నాను. ఆయన జ్వరంలో కన్న కలలన్నీ నాకు తెలుసు. పక్కన కూర్చొని తడిగుడ్డ వేసింది నేనే. ఆ కలల్లో జొన్నకంకి లేదు. నీళ్ళు, పాములు, చచ్చిపోయిన వాళ్ళ నాయన, అంతే.

ఆయన కనని కలకు దండాలు పెట్టిన మనుషులే, నేను కన్న కలకు దయ్యం పట్టిందన్నారు.

సుబ్బక్క చెప్పాక నాకూ భయం పట్టుకుంది. ఇప్పుడు నవ్వు వస్తుంది కానీ, ఆ రోజుల్లో నా కలను అదుపులో పెట్టుకోవాలని నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. పొద్దుగూకితే తినడం మానేశాను. ఈరన్నస్వామిని నూట ఎనిమిది సార్లు తలుచుకొని పడుకున్నాను. ఈ రోజు ఆ కల కనను, కనను అని నాకు నేనే ఆన పెట్టుకున్నాను. ఏది వద్దనుకొని కళ్ళు మూసుకుంటే కళ్ళ వెనక అదే సిద్ధంగా కూర్చొని ఉండేది. కల ఎప్పుడూ ఒకటే. నేను మగ్గం మీద ఉంటాను. నేసిన గుడ్డను అవతలి కొసన ఎవరో లాగుతుంటారు. నేను నేసేకొద్దీ వాళ్ళు లాగుతూ ఉంటారు. ముఖం కనపడదు. ఆయన మీద కోపం మనసులో పెట్టుకొని పడుకోవడం వల్లే ఇలా అవుతోందేమో, మంచి సంగతులు తలుచుకుందాం అనుకున్నాను ఒక రోజు. పెళ్ళయిన ఏడాది ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళలో మిఠాయి కొనిచ్చాడు. ఒకసారి నాకు తేలు కుడితే మంత్రగాడి కోసం పరుగెత్తాడు. మూడోది ఎంతకూ గుర్తు రాలేదు. వెతుకుతూ వెతుకుతూ నిద్రపోయాను. ఆ రాత్రి కలలో కొడవలి తీసుకొని పడుగు మొత్తం తెగ్గోశాను.

ఇంట్లోవాళ్ళు తమ పద్ధతిలో నా కలను అదుపులో పెట్టారు. వీధిలోంచి నా చాప తీసి గింజల గదిలో వేశారు. గాలి ఆడని గది. "నోట్లో కొంగు కుక్కుకొని పండుకో," అంది అత్త. "మగోని పరువు తీసే నోరు అది. మూసుకొనే ఉండల్ల." నేను ఆమె చెప్పినట్లే చేశాను. ఇదే నాకు అన్నిటికంటే సిగ్గు. ఎవరూ నా చేతులు పట్టుకోలేదు. నా కొంగు నేనే నా నోట్లో కుక్కుకున్నాను. అట్లా పది రాత్రులు గడిచాక ఒక పొద్దున లేచేసరికి కొంగు నిండా నెత్తురు. నాలుక కొరుక్కున్నాను.

సంగటి మింగలేక, మాట రాక, పని ఆగిపోయేసరికి అత్త నన్ను సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది. కంపౌండరు లాజరు నాలుక చూసి మందు పూశాడు. పెద్దవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు.

"దీనికి పాడు కలలు వస్తాండాయప్పా," అంది అత్త. "కల రాకుండా మందుంటే ఇయ్యి."

"నిద్ర వచ్చేదానికి మందుండాదమ్మా. కల రాకుండా మందు యాడా లేదు," అని నా వైపు తిరిగాడు. "కలలో ఏం చేస్తాంటావు తల్లీ?"

"వాగుతాంటాది," అంది అత్త.

"నిన్ను కాదమ్మా, ఆమెను అడుగుతాండా."

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. వాచిన నాలుకతో చెప్పాను. "నేస్తాంటా."

"కలలో భయమైతాదా?"

ఆలోచించాను. కలలో కోపం ఉంది, ఏడుపు ఉంది, భయం లేదు. ఒక్కసారి కూడా లేదు. "కలలో కాదప్పా. మేలుకున్నాకే భయమైతాది," అన్నాను.

లాజరు నలిగి నెత్తురు మరకలైన నా కొంగు చూశాడు. "నోట్లో గుడ్డ పెడితే ఊపిరాడక చచ్చిపోతాది. ఇంకొక దినం పెడితే నేను ఊరుకోను," అని అత్తతో చెప్పి సీసా చేతికిచ్చాడు. దారి పొడుగునా అత్త అతన్నీ, నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ తిట్టింది. నాకు ఒక్క మాట కూడా వినపడలేదు. నేను అన్న మాటే నాకు మళ్ళీ మళ్ళీ వినపడుతోంది. భయం కలలో లేదు. ఇంట్లో ఉంది. మరి ఇన్నాళ్ళూ నేను కలను ఎందుకు కొట్టి చంపాలని చూశాను?

వానలు మొదలయ్యే వేళకు, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోతుందని ఊళ్ళో అనుకుంటున్న రోజుల్లో, సంఘం కార్యదర్శి శ్రీనివాసులు మా ఇంటికి కబురు పంపాడు. కర్నూలు నుంచి చేనేత ఇన్‌స్పెక్టరు వస్తాడట. హైదరాబాదు ప్రదర్శనకు అలాంటి చీరే ఇంకొకటి కావాలట. జొన్నకంకి ఎట్లా వేస్తారో ఒక బెత్తెడు నేసి చూపించాలట.

ఆ సాయంత్రం మా ఆయన రెండు నెలల తరవాత నన్ను పలకరించాడు.

"తిన్నావా?"

"తిన్నా."

"ఆ కంకికి ఎన్ని పోగులు ఎత్తాల?"

"నాకు తెలీదు. నీ కలలో గదా వచ్చింది."

ఆయన చెయ్యి లేచింది. నాతో పని ఉందని గుర్తొచ్చి దిగింది. "మొగుని కాళ్ళ కిందికి నీళ్ళొస్తే నీకు సంబరమా?" అంది అత్త. సంబరమే. అబద్ధం ఎందుకు, ఆ రాత్రి కడుపు నిండా నిద్రపోయాను.

మరునాడు పొద్దు నడినెత్తికి వచ్చాక ఇన్‌స్పెక్టరు, శ్రీనివాసులు వచ్చి మగ్గం దగ్గర పీటల మీద కూర్చున్నారు. మా ఆయన గుంతలో దిగి పేక పోగు నడిపే నాడె చేతిలోకి తీసుకొని, పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు.

"సారూ, అది కలలో వచ్చిన పని. మళ్ళా కల రావల్ల. వచ్చినప్పుడు కబురు పెడతా."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "అట్లయితే నీ కల కోసం ప్రదర్శన ఆపుదామా?"

నేను నీళ్ళ చెంబులు కింద పెట్టాను. "ఆ కల నాకు వస్తాది సారూ. ఆ చీర నేను నేసినా," అన్నాను.

"దానికి నిద్రలో మాట్లాడే రోగముండాది సారూ! దాని మాట పట్టించుకోవద్దండి!" అని అత్త నా రెక్క పట్టుకొని లాగింది.

"పొద్దు నడినెత్తిన ఉండాదత్తా. మేలుకొనే అంటాండా," అని చెయ్యి విడిపించుకున్నాను.

గుంత దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన లేచేదాకా నిలబడే ఉన్నాను. శానా సేపు పట్టింది. తరవాత కూర్చొని నాలుగు వేళ్ళ మేర నేశాను. కంకి ఆకారం తేలేసరికి ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక్కరూ మెచ్చుకోలేదు. శ్రీనివాసులు ముఖం అటు తిప్పుకొని, "ఇది మీ ఇంటి సంగతి. సంఘానికి సంబంధం లేదు," అన్నాడు.

"చీర కింద పేరు ఏం రాయాలి మరి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా పేరు రాయండి. ఉరుకుందమ్మ."

"సంఘంలో ఆడోళ్ళు యాడుండారమ్మా?" అన్నాడు శ్రీనివాసులు.

"లేరు గాబట్టే రాయమంటాండా."

ఇన్‌స్పెక్టరు రాశాడో లేదో నాకు కనపడలేదు. నెల రోజుల్లో చీర కావాలని చెప్పి ఇద్దరూ వెళ్ళిపోయారు.

మా ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "నన్ను సంపేసినావు కదే. నలుగురి ముందర ఆ మాట అనేదానికి నీకు మనసెట్ల వచ్చింది?" అన్నాడు. నా లోపల జాలి ఉందేమోనని వెతికాను. లేదు. లేనందుకు భయపడలేదు.

"నిద్రలో అన్నప్పుడే ఇనింటే, మేలుకొని అనే పని ఉండదు," అన్నాను. "రేపటి నుంచి మగ్గం మీద నేను కూర్చుంటా. కండెలు మీ తల్లీకొడుకులు చుట్టండి."

మరునాటి నుంచి నేను రాట్నం ముట్టుకోలేదు. వంట చేశాను, నా కంచంలో నేను పెట్టుకొని తిన్నాను. చుట్టిన కండెలు అయిపోయాయి, మగ్గం ఆగిపోయింది. మా వీధిలో మగ్గం చప్పుడు ఆగిన ఇంటి వైపు అందరూ తొంగి చూస్తారు. చూశారు. మా ఆయన మొదటి రోజు అరిచాడు, రెండో రోజు ఊరు పట్టుకు తిరిగాడు, మూడో రోజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నా చాప నేనే మళ్ళీ వీధిలో వేసుకున్నాను. ఆ రాత్రుల్లో కూడా అదే కల వచ్చింది. పైకి ఏమన్నా అన్నానో లేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాలుగో రోజు పొద్దున నేను గుంతలో దిగి తెగిన పోగులు అతుకుతుంటే వసారాలో రాట్నం తిరిగిన చప్పుడు వినపడింది. అత్త. నన్నూ, నా పుట్టింటినీ, నా ముందు ఏడు తరాలనూ ఆడిపోసుకుంటూ తిప్పుతోంది. కొంతసేపటికి లేచి వచ్చి, నా ముఖం మీదికి కండె విసిరింది.

పట్టుకున్నాను. గట్టిగానే చుట్టింది.