దోసెడు పూలు

కోదాడ పూల మార్కెట్లో వ్యాపారి వేణు బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. రైతు గంప దించగానే అతను రెండు చేతులూ ముంచి దోసెడు పూలు తీస్తాడు. అది దేవుడి వాటా. గోడ మీది వెంకన్న పటానికి రెండు పూలు తగిలిస్తాడు, మిగతావి బల్ల కింది సంచిలోకి పోతాయి. పొద్దెక్కాక ఆ సంచి ఎవరి లాభానికి అమ్ముడవుతుందో అందరికీ తెలుసు. కానీ దేవుడి పేరు చెప్పాక నోరెత్తేదెవరు?

నడిగూడెం పెంటమ్మకు భయం తక్కువ, నోరెక్కువ. అరెకరంలో చామంతి, గట్ల వెంట మరువం ఆమె చేతుల మీదే పెరిగాయి. కొడుకు శ్రీనాథ్‌కు ఆ సాగు మీద నమ్మకం లేదు. ఈ దసరాకు పూలు సరిగా అమ్ముడుపోకపోతే తోట దున్ని వరి వేస్తానన్నాడు. కన్నకొడుకు కాబట్టి సరిపోయింది గానీ, ఆ మాటకు పెంటమ్మ నాలుగు తగిలించేదే.

ఆ రోజు వేణు చేతులు గంపలోకి వస్తుంటే ఆమె కొంగు అడ్డం పెట్టింది.

"దేవునికి నేనే పెడత. నువ్వు జరుగు."

ఏరి ఏరి పెద్ద పూలు పటం నిండా పెట్టింది. పెట్టి, బల్ల కిందికి చెయ్యి చూపించింది.

"పటంల ఉన్నాయనకు పెట్టిన. మరి సంచిల ఉన్నాయన ఎవరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వేణుకు ఒళ్లు మండింది. నీ పూలు ఇక్కడ వేలంపాట పెట్టను, ఇంకెవరినీ పెట్టనివ్వను అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

పెంటమ్మ బస్టాండ్ ముందు గోనెపట్టా పరిచి, చామంతికి మరువం కలిపి కట్టి మూరల లెక్కన అమ్మింది. పూలమ్మిన చోట కట్టెలమ్మాల్సి వచ్చిందా అని ఎవరో ఎకసెక్కమాడితే, నేనింకా పూలే అమ్ముతున్న, కండ్లు కనబడ్తలేవా అని తిట్టి, అతనికే ఒక మూర అంటగట్టింది. అయినా సగం గంప మిగిలి ఎండకు వాడిపోయింది.

దోసెడు పూలకు పోయి సగం గంప పోగొట్టుకున్నావని శ్రీనాథ్ ఇంట్లో ఎగిరాడు. రేపు తనే వచ్చి వేణుతో మాట్లాడతాడట, ఆ తర్వాత ట్రాక్టర్ సంగతి చూస్తాడట. పెంటమ్మకు ఏడుపొచ్చింది, ఏడవలేదు.

"అడిగితే తట్టెడిస్త. గుంజుకుంటే రెక్క గూడ ఇయ్య."

మర్నాడు శ్రీనాథ్ వేణు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ పెద్దమనిషి, తెలియక అన్నదని బతిమాలాడు. పెంటమ్మ పండ్లు కొరికింది. వేణు మెత్తబడ్డట్టే కనిపించాడు.

"సరేలే. నిన్నటి పొగరుకు మాత్రం ఇవాళ మూడు దోసిళ్లు తీస్తాను," అంటూ వంగాడు.

శ్రీనాథ్ మొహం రంగు మారింది. వేణు చెయ్యి పట్టుకుని గంపలోంచి పైకి తీశాడు.

"నిన్నటిదాంక దేవుని వాటా అంటివి. ఇయ్యాల జుర్మానా ఎట్లయింది?"

వేణు చెయ్యి విదిలించుకున్నాడు. ఇక్కడ మీకు చోటు లేదన్నాడు. నీ చోటు నువ్వే ఉంచుకో అని శ్రీనాథ్ గంప నెత్తికెత్తుకున్నాడు. పెంటమ్మ ఆగి, ఒక చామంతి పటానికి పెట్టి దండం పెట్టుకుంది. ఆయనతో ఆమెకు తగాదా లేదు.

బస్టాండ్ ముందు గోనెపట్టా పరుస్తూ శ్రీనాథ్ గొణిగాడు.

"కింది వరి మడిల గూడ చామంతే పెడదామా?"

"ముందు సిగ్గిడిసి కేకెయ్. బస్సొచ్చింది."